పేకలో వదులు

కేజంగ్ ల్హాదెన్ నోట
ఎప్పుడూ ఒకటే మాట:
"ఏం లేదు, మిరపకాయ."

ఖోమాలో పంట చేతికొచ్చాక
ప్రతి ఇంటి కప్పూ ఎర్రగా ఆరుతుంటుంది.
ఏ కడుపు నొప్పికైనా
నేరస్తుడు అక్కడే దొరుకుతాడు మాకు.
జున్నులో ఉడికి, పూటపూటా పళ్ళెంలో కూర్చుని
చెయ్యని తప్పులు కూడా ఒప్పుకుంటాడు పాపం.

నేను ఈ ఆరోగ్య కేంద్రానికొచ్చి ఆరేళ్ళు.
గోడ మీది ప్రశ్నలు నిద్దట్లో అడిగినా చెప్తాను.
పరగడుపున మంటా?
నాలుగు ముద్దలకే నిండిపోతుందా?
ఊరికే త్రేన్పులా?
అడిగితే ఆవిడ నవ్వేది.
"నొప్పి గంట కొట్టి వస్తుందా, నామ్గే?"

మనవడి టీకా కోసం వెళ్ళిన రోజు
మగ్గం మీద ఉంది.
నడుముపట్టీ తాడు చూశాను.
పాత ముడి ఉన్నచోట చెమట మరక,
కొత్త ముడి దానికి నాలుగు వేళ్ళు లోపల.
తూకం యంత్రం ఆ ఇంటికి మోసుకెళ్ళక్కర్లేకపోయింది.

ఒళ్ళో పదకొండు నెలల పట్టు.
తెల్లటి నేల మీద నీలం, కుంకుమ రంగు,
పూతపూసినట్టు పువ్వులు.
ముచ్చటేసి వేలితో తడిమాను.
ఒకచోట వేలు జారింది.
జానెడు దాటాక మళ్ళీ.

ఆవిడ మొహం మాడిపోయింది.
నొప్పి దాచినంత తేలిక కాదు
నేతలో తప్పు దాచడం.

"అక్కడ బద్ద గట్టిగా వెయ్యలేకపోయాను" అంది.
"వెన్న టీ అరిగిపోయి
అన్నం ఇంకా ఉడకని వేళ.
రొమ్ముటెముక కింద ఎవరో
బొగ్గుల కుంపటి ఊదుతున్నట్టు.
ఇంత అన్నం పడితే ఆరుతుంది.
రాత్రి రెండింటికి మళ్ళీ రాజుకుంటుంది.
లేచి చల్లన్నం తింటాను, దొంగలా."

గుడ్డ మడత విప్పుతూ పోయింది.
ఇది వానలప్పుడు.
ఇది కోడలు పురిటికి పోయినప్పుడు.
ఇదిగో, ఇక్కడ వారం నేయనే లేదు, కళ్ళు తిరిగి.
గంట కొట్టని నొప్పి
పేక పేకకీ లెక్క రాసుకుంది.

అడగాల్సింది ఇంకొకటి మిగిలింది.
మనవడు బయటికి పోయేదాకా ఆగాను.
"దొడ్డికెళ్తే నల్లగా పడిందా, అక్కా?
తారులా, జిగటగా?"
బద్ద కింద పెట్టింది.
"పోయిన నెల. రెండు రోజులు."
"ఇనుము మాత్రలు మింగావా?"
"నువ్విస్తేగా."

ఆ సాయంత్రమే మోంగర్ బండి.
గొంతులోంచి దీపమున్న గొట్టం దింపి
లోపల పుండు చూశారు,
పుండు పక్క గోడలోంచి గింజంత ముక్క తీశారు.
అందులో పురుగు.
మెలి తిరిగిన దారప్పోగు లాంటిది,
కంటికి కనబడనిది,
ఏ చిన్నప్పుడో ఏ గరిటె నుంచో వచ్చి
ఆమ్లంలో ఇల్లు కట్టుకుని
ఇన్నేళ్ళూ మిరపకాయ పేరు చెప్పి బతికింది.

పద్నాలుగు రోజుల మాత్రలు.
నోరంతా ఇత్తడి రుచి అని తిట్టింది నన్ను.
తొమ్మిదో రోజు మానేస్తానంది.
ప్రతి పొద్దున వెళ్ళి ఎదురుగా కూర్చుని మింగించాను.
మంట తగ్గడం వేరు, పురుగు చావడం వేరని
ఎన్నిసార్లు చెప్పానో.

గుడ్డ పూర్తయింది.
వదులు వరసలు విప్పి మళ్ళీ నేస్తుందేమో అనుకున్నాను.
విప్పలేదు.
"థింపూలో కొనేవాళ్ళకి తెలీదులే" అంది,
బొటనవేలితో ఆ చోటు రుద్దుతూ.

నిన్న ఆవిడ అత్తగారు వచ్చింది,
కీళ్ళ నొప్పుల మందుకి.
ఒకే కుండ, ఒకే గరిటె, ముప్పై ఏళ్ళు.
"కడుపులో ఎలా ఉంది, అవ్వా?" అన్నాను.

"నాకేం? రాళ్ళు తిన్నా అరుగుతాయి."

నేను నోటి వంక చూడలేదు.
చెయ్యి చూస్తున్నాను.
రొమ్ముటెముక కింద,
తనకే తెలియకుండా
నొక్కుకుంటోంది.